ఈనాక్ గోలు కాసిన ఆఖరి ఏడు

హెసెల్డెన్ అనే మిల్లు ఊళ్ళో నేతపనివాళ్ళకి రెండు రకాల మాటలుంటాయి. ఇంట్లో మాట్లాడేది ఒకటి, మగ్గాల షెడ్డులో మాట్లాడేది ఒకటి. షెడ్డు మాటకి శబ్దం ఉండదు. ఎనిమిది వందల మగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా వినబడదు. అందుకని అక్కడ అందరూ పెదవులు సాగదీసి, దవడ బాగా కదిపి, కనుబొమలు ఎగరేసి మాట్లాడుకుంటారు. పదేళ్ళకి మిల్లులో అడుగుపెట్టిన పిల్ల పన్నెండేళ్ళు వచ్చేసరికి షెడ్డు అటు చివర ఇద్దరు ఆడవాళ్ళు ఎవరిని ఆడిపోసుకుంటున్నారో ఇటు చివర నుంచే చదివేస్తుంది.

ఈనాక్ డక్స్‌బరీ కూడా పదేళ్ళకే చేరాడు. పదిహేడేళ్ళు నాలుగు మగ్గాల మధ్య నిలబడ్డాడు. శనివారం మధ్యాహ్నం మిల్లు కట్టెయ్యగానే ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకి గోలు కాసేవాడు. మనిషి పొడగరి, చేతులు ఇంకా పొడుగు. ఎక్కడో ఆలోచిస్తున్నట్టు నెమ్మదిగా నడుస్తాడు గానీ, బంతి కంటబడితే పిల్లిలా లేస్తాడు.

ఇరవై ఏడో ఏట అతనికి అనుమానం మొదలైంది. వంటింట్లో గోడ గడియారం ఉంది. దాని ముందు నిలబడి ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ, టిక్కుమనడం ఎక్కడ ఆగిపోతుందో చూసుకునేవాడు. క్రిస్మస్‌కి తొమ్మిది అడుగులు. ఈస్టర్‌కి ఏడు. ఎండాకాలం వచ్చేసరికి అయిదు. ప్రతి ఆదివారం ఒకే చోట, ఒకే వేళకి, కిటికీ మూసి చూసేవాడు. ఒకవేళ గడియారమే నెమ్మదించిందేమోనని భార్య కెజయాని నిలబెట్టి చూశాడు. ఆమెకి వీధి గుమ్మం దాకా వినబడింది. ఆమెదీ మగ్గం పనే, కానీ చేరి ఎనిమిదేళ్ళే అయింది. అప్పుడు కెజయా కడుపుతో ఉంది.

సరిగ్గా ఆ వేసవిలోనే క్లబ్బు లీగులో చేరింది. ఇకనుంచి ఆటగాళ్ళకి మిల్లు మానుకోగలిగినంత జీతం ఇస్తామని కమిటీ చెప్పింది. మిగతావాళ్ళు ఆ రోజు బీరుకొట్టు దారి పట్టారు. ఈనాక్ తిన్నగా ఇంటికొచ్చి కెజయాతో చెప్పాడు: మగ్గాల మోతలోంచి బయటపడితే ఉన్న వినికిడైనా నిలుస్తుంది, పుట్టబోయే బిడ్డ మాట వినడానికి ఆ మాత్రం చాలు. గోల్లో తన చోటు ఉన్నన్నాళ్ళు చెవులుంటాయి. చోటు పోతే మళ్ళీ షెడ్డే. ఆ ఏడంతా అతను కాసింది ఆ ఒక్కదాన్నే.

ఆగస్టులో ఆడపిల్ల పుట్టింది. మార్తా అని పేరు పెట్టారు. ఆరు వారాలకి కెజయా మళ్ళీ మగ్గాల దగ్గరికి వెళ్ళింది. ఆటగాళ్ళ సాధన మధ్యాహ్నాలే గనక, ఉదయం పూట బిడ్డని ఈనాక్ చూసుకునేవాడు. పిల్ల ఏడిస్తే వినబడదేమోనన్న భయంతో బట్టల బుట్టలో పడుకోబెట్టి, తను ఎక్కడికెళితే అక్కడికి బుట్ట మోసుకెళ్ళేవాడు. బొగ్గు తెచ్చుకోవడానికి పెరట్లోకి వెళ్ళినా బుట్ట పక్కనే ఉండాలి. రెండు నిమిషాలకోసారి వంగి ఆ ముఖం చూసేవాడు. నిద్రపోతుంటే రొమ్ము మీద రెండు వేళ్ళు పెట్టి ఊపిరి లెక్కపెట్టేవాడు. మధ్యాహ్నాలు బిడ్డని చూసే పక్కింటి ముసలి సెలీనా అత్త గోడ మీంచి ఇదంతా గమనించింది.

"బిడ్డనుకున్నావా గోలుపోస్టనుకున్నావా, అలా కాపలా కాస్తున్నావు? కాసేపు వదిలెయ్యి నాయనా, ఎవరూ తన్నుకుపోరు," అంది.

ఈనాక్ నవ్వి బుట్ట ఎత్తుకుని లోపలికెళ్ళాడు. అతని సంగతి కెజయాకి తప్ప ఎవరికీ తెలియదు. మైదానంలో పెద్ద ఇబ్బందీ లేదు. జట్టులో ఏడుగురు నేతపనివాళ్ళే, అలవాటు కొద్దీ నోరు పెద్దగా తెరిచే మాట్లాడతారు. ఇబ్బందల్లా కమిటీవాళ్ళు గెలుపు కోసమని స్కాట్లండు నుంచి తెచ్చిన ముగ్గురితో వచ్చింది. ముఖ్యంగా నినియన్ గెడ్డెస్‌తో. గోలుకి సరిగ్గా ముందు నిలబడే బ్యాకు అతను. డంబార్టన్‌లో ఓడలు కట్టే రేవు మనిషి, దుక్కలాంటివాడు. అతని మీసం గురించి చెప్పాలి. ఎర్రగా, దట్టంగా, పై పెదవినే కాదు కింది పెదవిని కూడా కప్పేసి ఉండేది. సూపు తాగితే సగం అక్కడే ఆగిపోయేది. అతను మాట్లాడినప్పుడు మీసం అంచు కాస్త ఊగేది, అంతే. లోపల ఏం జరుగుతోందో దేవుడికే తెలియాలి.

అక్టోబరులో ఒక ఆటలో బంతి ఎత్తుగా వచ్చింది. నాది, వదిలెయ్యమని గెడ్డెస్ అరిచాడు. ఈనాక్ ముందుకి దూకాడు. ఇద్దరూ గుద్దుకుని బురదలో పడ్డారు. బంతి తీరిగ్గా దొర్లుకుంటూ గోల్లోకి వెళ్ళింది. గెడ్డెస్ లేచి ఏదో అన్నాడు. మీసం ఊగింది.

ఎండ కళ్ళలో పడిందని చెప్పుకున్నాడు ఈనాక్. ఆ ఊరు ఎండ మొహం చూసి నాలుగు రోజులైంది. కంచె దగ్గర నిలబడ్డ ఒకాయన, "ఏ మూలుందయ్యా ఆ ఎండ, మాకూ కాస్త చూపించు," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

అలాంటివి క్రిస్మస్ లోపల ఏడు జరిగాయి. బంతి పట్టుకుని నిలబడితే ఎదుటి జట్టు వాళ్ళు భుజంతో గుద్ది, గోలీని బంతితో సహా గోల్లోకి తోసెయ్యవచ్చు, ఆటలో అది తప్పు కాదు. వెనకనుంచి ఎవడొస్తున్నాడో వినబడని గోలీ గతి ఏమిటో ఈనాక్ పక్కటెముకలకి తెలుసు. క్లబ్బు లీగు పట్టికలో అట్టడుగుకి చేరింది. గెడ్డెస్ అతనితో మాట్లాడటమే మానేశాడు. ఈ ఊరి గోలీకి పొగరు, స్కాట్లండు వాడి మాట చెవిన పెట్టడు అని మిగతా ఇద్దరితో అన్నాడట. కెజయా ఒకరోజు, చెవుల సంగతి చెప్పెయ్యరాదా అంది. చెబితే ఆ పూటే తీసేస్తారన్నాడు ఈనాక్.

జనవరిలో, ప్రెస్టన్ వైపు నుంచి వచ్చిన ఒక జట్టుతో ఆట. సగం ఆట అయ్యేసరికి రెండు గోల్స్ వెనకబడి ఉన్నారు. మైదానానికి ఒకవైపు చెక్క మేడ, దాని వసారాలో కమిటీవాళ్ళు. ఎదురుగా మట్టి గట్టు మీద రెండు వేలమంది జనం. సగానికి పైగా పొద్దున్నుంచి పన్నెండున్నర దాకా షెడ్డులో నిలబడి వచ్చినవాళ్ళే. కమిటీలో ఎడ్విన్ హాల్‌స్టెడ్ అని ఒకాయన ఉన్నాడు. ఇరవయ్యేళ్ళు మగ్గం ఆడించి, తర్వాత కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. మంచివాడే. కిందటి వారం అతని కొట్లో ఈనాక్ వెనక ఒక బిస్కట్ల డబ్బా నేల మీద పడింది. కొట్లో ఉన్న అందరూ ఉలిక్కిపడ్డారు, ఈనాక్ తల తిప్పలేదు. హాల్‌స్టెడ్‌కి అర్థమైపోయింది. ఆ మాట అధ్యక్షుడు లేథమ్ గారి చెవిన వెయ్యాలనుకున్నాడు. రహస్యం కదా, పక్కవాళ్ళు వినకూడదు. ఇరవయ్యేళ్ళ అలవాటు మనిషిని ఊరికే వదలదు. గొంతు పూర్తిగా తగ్గించేసి, పెదవులు సాగదీసి, ఒక్కొక్క మాటే విడదీసి చెప్పాడు.

కాగితం మిల్లు యజమాని లేథమ్ గారికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏమిటీ అన్నాడు. హాల్‌స్టెడ్ ఇంకా పెద్దగా నోరు తెరిచి మళ్ళీ చెప్పాడు.

ఎదురుగా గట్టు మీద రెండు వేలమంది చదివేశారు. మన గోలీకి చెవుడు. ఏప్రిల్ దాకా ఉంచుదాం. బర్స్‌లెమ్ ఊరి గోలీ కుర్రాడి చేత ఈ వారమే సంతకం పెట్టిద్దాం.

రెండో సగానికి ఈనాక్ మైదానంలోకి వచ్చేసరికి ఏదో తేడాగా ఉంది. గట్టు వైపు చూశాడు. అన్ని ముఖాలూ తనవైపే ఉన్నాయి. ఎవరి పెదవులూ కదలడం లేదు. షెడ్డులో ఎవరింట్లోనైనా కీడు జరిగినప్పుడు, ఆ మనిషి లోపలికి వస్తుంటే అందరూ నోళ్ళు మూసుకునేది ఇలాగే. మార్తాకేమైనా అయిందా అని జనంలో కెజయా కోసం వెతికాడు. నీలం శాలువా కనబడింది. బిడ్డ ఆమె భుజం మీద నిద్రపోతోంది. కెజయా అతని కళ్ళలోకి చూసి, మైదానం అవతలనుంచి పెదవులతో చెప్పింది.

"నీ చెవుల సంగతి తెలిసిపోయింది. అందరికీ."

ఈనాక్ తలూపి వెళ్ళి గోల్లో నిలబడ్డాడు. బిడ్డకేం కాలేదన్న నిబ్బరంలో, మిగతాదంతా మనసుకెక్కడానికి కొంత సేపు పట్టింది.

ఆ తర్వాత గట్టు మీది జనం చేసిన పని హెసెల్డెన్‌లో చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. సాయం చేద్దామనుకున్నారు. బంతి ఇటు వస్తుంటే రెండు వేలమంది నోళ్ళు ఒక్కసారి తెరుచుకున్నాయి. ఎడమకి అని సగంమంది, కుడికి అని సగంమంది, ముందుకి పరిగెత్తమని కొందరు, కదలకుండా నిలబడమని ముసలివాళ్ళు. ఈనాక్ అందరి మాటా చదవబోయి, ఆటలోనే తేలికైన బంతిని కాళ్ళ మధ్యనుంచి వదిలేశాడు. గట్టు మీద ఒక్కసారిగా అందరి నోళ్ళూ మూతపడ్డాయి. అయిదు సున్నాతో ఓడిపోయారు. ఇంటికి వెళ్ళేటప్పుడు మాత్రం ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. అక్టోబరులో ఎండ ఎక్కడుందని అడిగినాయన దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

మంగళవారం సాధనకి గెడ్డెస్ ఆలస్యంగా వచ్చాడు. మొదట ఎవరూ పోల్చుకోలేదు. మీసం లేదు. గాలీ వెలుతురూ తగలని పై పెదవి తొక్క తీసిన బంగాళదుంపలా తెల్లగా ఉంది. ఎవరయ్యా నువ్వు, మా బ్యాకు నినియన్ నీకెక్కడైనా కనబడ్డాడా అని కుర్రాళ్ళు ఏడిపించారు. అతను తిన్నగా ఈనాక్ దగ్గరికి వచ్చాడు. వెలుతురు తన ముఖం మీద పడేలా తిరిగి నిలబడ్డాడు. అతను అద్దెకుంటున్న ఇంటావిడ నేతమనిషి, ఆదివారం భోజనాల దగ్గర ఆమె చెప్పిందట.

"మా నాన్న రేవులో ఓడ రేకులకి సుత్తితో రివెట్లు కొట్టేవాడు," అన్నాడు నెమ్మదిగా. "ముప్ఫై అయిదు నిండకుండానే చెవులు పోయాయి. ఆయన బతికున్నన్నాళ్ళూ మా ఇంట్లో ఏ మగాడూ మీసం పెంచలేదు. ఆయన పోయాకే పెంచాను నేను. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందయ్యా? ముందే చెప్పి ఉండాల్సింది. నా మాట వినడం నీకు నామోషీ అనుకున్నాను."

"చెబితే తీసేస్తారని," అన్నాడు ఈనాక్.

"చెప్పకపోయినా తీసేస్తున్నారుగా."

ఈనాక్‌కి నవ్వొచ్చింది. ఇన్ని నెలల్లో ఆ మైదానంలో అతను నవ్వడం అదే మొదలు.

ఆ రోజునుంచి ఇద్దరూ కూర్చుని ఒక పద్ధతి వేసుకున్నారు. మూడే మాటలు: నాది, నీది, కొట్టు. ఆఖరిది పిడికిలితో బంతిని గుద్దెయ్యమని. బంతి గాలిలో ఉండగానే గెడ్డెస్ ఒక్క క్షణం ముఖం వెనక్కి తిప్పి చెప్పాలి. బ్యాకు అనేవాడు బంతి మీంచి కళ్ళు తిప్పడం ప్రమాదం. కాబట్టి నేరుగా నిలబడకుండా, పీతలాగా పక్కకి తిరిగి ఆడటం నేర్చుకున్నాడు. చూసేవాళ్ళు నవ్వారు. ఏ పక్కకి తిరిగితే ఈనాక్‌కి బాగా కనబడుతుందో, ఆట మధ్యలో ఒక్క చూపుకి ఎన్ని గజాల దూరం దాకా పెదవులు చదవగలడో, వాన పడుతుంటే ఎంత తగ్గుతుందో, ఈనాక్ అంతా అడుగులతో కొలిచి పెట్టుకున్నాడు. పద్ధెనిమిది గజాలు. వానలో పన్నెండు. గెడ్డెస్ ఆ గీత దాటి పోయేవాడు కాదు. రెండు రోజులకోసారి గడ్డం గీసుకునేవాడు, చలికి పెదవి పగిలితే గొర్రె కొవ్వు రాసుకునేవాడు.

చివరి తొమ్మిది ఆటల్లో అయిదు గెలిచారు, రెండు సమమయ్యాయి. అయినా మొదట్లో పోగొట్టుకున్నది చాలా ఉంది. కిందినుంచి మూడో చోట ఆగారు. అట్టడుగున మిగిలిన మూడు క్లబ్బులనీ లీగులో ఉంచాలా వద్దా అని మిగతా క్లబ్బులవాళ్ళు మే నెలలో ఓట్లు వేస్తారు. రెండు ఓట్ల తేడాతో హెసెల్డెన్ నిలబడింది. ఊళ్ళో బ్యాండు మేళం తిరిగింది.

ఆ మర్నాడు ఆదివారం మధ్యాహ్నం హాల్‌స్టెడ్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. వంటింట్లో కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ఈనాక్ వైపు తిరిగి, గొంతు లేకుండా పెదవులు సాగదియ్యడం మొదలుపెట్టాడు.

"గొంతుతోనే చెప్పండి హాల్‌స్టెడ్ గారూ," అంది కెజయా. "రహస్యాలు మీకు అచ్చిరాలేదు."

పెద్దాయన ముఖం కందిపోయింది. బర్స్‌లెమ్ కుర్రాడి సంతకం జనవరిలోనే అయిపోయిందని, ఇప్పుడైతే తను ఆ పని చెయ్యనని, ఇద్దరు గోలీలని పోషించే స్తోమత క్లబ్బుకి లేదని గట్టిగా, ఒక్కొక్క మాటే చెప్పాడు. మిల్లు మేస్త్రీతో మాట్లాడానని, సోమవారం నుంచే నాలుగు మగ్గాలు ఇస్తాడని కూడా చెప్పాడు. మేలు చేస్తున్నాననే అనుకున్నాడు పాపం. ఈనాక్ ఆయన్ని గుమ్మం దాకా సాగనంపి, వచ్చినందుకు మెచ్చుకున్నాడు. లోపలికొచ్చి బల్ల దగ్గర కూర్చుని, రెండు చేతులూ బల్ల మీద పరిచి వాటివంకే చూస్తుండిపోయాడు.

ఇంకో పని ఉంది. గెడ్డెస్ ఎక్కడో విని వచ్చి చెప్పాడు. ఊరికి నీళ్ళిచ్చే చెరువు కొండ మీద ఉంది. దానికి కాపలాదారు కావాలి. జీతం మగ్గం మీద వచ్చేదానిలో మూడింట రెండు వంతులు. రెండు గదుల ఇల్లు ఇస్తారు, గోడలకి చెమ్మ. చుట్టూ గడ్డి, గొర్రెలు, గాలి. ఆ మాట ఈనాక్ ఇంట్లో చెప్పలేదు. అయినా కెజయాకి తెలిసిపోయింది. ఎందుకంటే గెడ్డెస్ ఆమెకీ చెప్పాడు.

"ఆ చెరువు పని ఎప్పుడడుగుతావు?" అంది.

"అక్కడుంటే నువ్వు రోజూ పొద్దున్నే ఆ కొండ దిగాలి. పదిగంటలు నిలబడి, మళ్ళీ ఎక్కాలి. చలికాలంలో, మంచులో. నా చెవుల కోసం నీ కాళ్ళు అరగదియ్యమంటావా?"

కెజయా అతని గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది, తన పెదవులు కనబడేలా.

"జోళ్ళు అరిగితే కింద ఇనప నాలాలు కొట్టించుకుంటాను. చెవులకి నాలాలు కొట్టేవాడు ఈ ఊళ్ళో లేడు. మగ్గాలు నావి చాలు మనకి. రేపు వెళ్ళి అడుగు."

ఈనాక్ ఏదో అనబోయాడు.

"నేను చెప్పేది వినబడిందా?" అంది.

వినబడిందన్నాడు.

జూన్‌లో కొండ మీదికి మారారు. గట్టు వెంట నడిచి నీటి మట్టం చూడటం, తూములు తిప్పడం, గొర్రెల్ని తోలడం పని. గాలి వీచే వైపు గోడ చాటున మార్తాని కూర్చోబెట్టడానికి ఈనాక్ ఒక చెక్క పెట్టె చేశాడు. పాకడం వచ్చిన దగ్గరనుంచి ఆ పిల్ల పెట్టెలో నిలవలేదు. నీళ్ళ పక్కన పాకే బిడ్డని చూస్తూ పనిచెయ్యడం ఎంత కష్టమో అతనికి తెలిసొచ్చింది. చివరికి శాలువాతో రొమ్ముకి కట్టుకుని గట్టంతా తిరిగాడు. గొర్రెల కాపరులు ఇదేం మగాడురా అన్నట్టు చూసేవారు.

సెప్టెంబరులో కొత్త ఆటల ఏడు మొదలై, మొదటి ఆట. ఆ మధ్యాహ్నం ఈనాక్ లోయవైపు చూస్తూ గోడ మీద కూర్చున్నాడు, మార్తా ఒళ్ళో ఉంది. కింద పొగ గొట్టాలు, వాటి మధ్య పచ్చగా రుమాలంత మైదానం. మిల్లు కట్టేశాక కెజయా అటే వెళ్ళింది. అక్కడ ఎంతమంది అరిచినా ఇక్కడిదాకా అతనికి రాదు.

ఉన్నట్టుండి మార్తా తల తిప్పి లోయలోకి చూసింది. పిట్టేమోననుకున్నాడు. పిట్ట లేదు. పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని, ఊపిరి బిగబట్టి, కాసేపు అలాగే ఉండి మళ్ళీ అతని గుండీలతో ఆటలో పడింది. పావుగంట తర్వాత మళ్ళీ తిప్పింది. అప్పుడర్థమైంది ఈనాక్‌కి. కింద గోలు పడింది. ఆ తర్వాత అతను లోయవైపు చూడలేదు, బిడ్డ ముఖమే చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం కెజయా రొప్పుతూ కొండెక్కి వచ్చింది. ఆమె నోరు తెరిచేలోగా ఈనాక్ మూడు వేళ్ళు చూపించాడు.

"ఎవరు చెప్పారు?" అంది ఆశ్చర్యంగా.

బిడ్డవైపు చూపించాడు. కెజయా నడుం మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి పీల్చుకుంది. "వాళ్ళవి నాలుగు. అవి చెప్పలేదా?" అంది. "మనవాళ్ళు కొట్టినప్పుడే కదా జనం అరిచేది," అన్నాడు ఈనాక్. బర్స్‌లెమ్ కుర్రాడు ఎలా ఆడాడని అడిగాడు. పరవాలేదు, చేతులు పొట్టి అంది. అయితే నేర్చుకుంటాడులే అన్నాడు, మనస్ఫూర్తిగానే.

తల్లిని చూసి మార్తాకి హుషారొచ్చింది. తండ్రి చొక్కా పట్టుకుని లేచి, ఎడమ చెవికి నోరు ఆనించి, ఉన్న బలమంతా పెట్టి ఏదో అంది. ఈనాక్ కదలకుండా తల వంచి ఉంచాడు. పిల్ల ఇంకోసారి అంది.

"ఏమంటోంది?" అంది కెజయా.

"ఏమో," అన్నాడు. "కానీ గట్టిగానే అంటోంది."